బాపమ్మ గడీకి నడిచిన ఎండకాలం

మొన్న పొద్దున కాక వచ్చాడు. మా బాపుకు, అంటే నాన్నకు, వరుసకు తమ్ముడు, డెబ్బై దాటిన మనిషి. సిరిసిల్లలో మా వాడకట్టున మరమగ్గాల సాంచెలు మొదలయ్యాయంటే పక్కవాళ్ళ మాట వినబడదు. ఆటో దిగి గేటు దగ్గర నిలబడి ఏదో అంటున్నాడు గాని నాకు పెదవులు కదలడమే కనిపించింది. లోపల కూర్చోబెట్టి, తలుపు మూసి, చాయ్ చేతికిచ్చాక విషయం చెప్పాడు.

"ఊళ్లె మీ బాపమ్మ బొమ్మ నిలవెడుతున్నం బిడ్డా. మన కులపోళ్లందరం అనుకున్నం. కోరుట్లల మట్టి బొమ్మ తయారైతుంది. గని ఫోటో ఒక్కటి సుత లేదు. నీ దగ్గర ఏమన్న ఉన్నదా?"

లేదు. బాపమ్మను, మా బాపు తల్లిని, ఎవరూ ఎప్పుడూ ఫోటో తీయలేదు.

"అయితే నువ్వు రావాలె. ఆమెను దగ్గర్నుంచి చూసినోళ్లం ఇగ నువ్వు, నేనే."

ఇప్పుడు మా కులం మీటింగుల్లో బాపమ్మ పేరు చెప్పకుండా ఎవరూ మైకు దించరు. గడీకి ఎదురు నిలిచిన మనిషి, దొరకు కల్లు చుక్క పుట్టనియ్యని మనిషి అంటారు. చప్పట్లు కొడతారు. నేను కూడా ముందు వరసలో కూర్చొని కొట్టాను. కాని ఆ మాటలు వింటున్నప్పుడల్లా నాకు బాపమ్మ గుర్తు రాదు. ఆ ఎండకాలం గుర్తొస్తుంది.

కోనరావుపేట అవతల మా ఊరు. ఊరికీ తాటివనానికీ మధ్య మా కల్లు మండువ. నాలుగు గుంజల మీద తాటాకు కప్పు, కింద చల్లటి మట్టి నేల. బాపు, చిన్నాయనలు చెట్లు గీసి కల్లు కుండలు, లొట్లు, దించుకొస్తే బాపమ్మ బట్టతో వడగట్టి అమ్మేది. పులిసిన నురగ వాసన, పచ్చి తాటాకు వాసన, పక్కన దాలి పొయ్యిలో ఉడికే శనగ గుడాల వాసన కలిసి ఆ చోటికి ఒక వాసన ఉండేది. చింతాకు ఎండబెట్టినచోట గాని, ఇప్పపూలు ఆరబోసినచోట గాని కాసేపు నిలబడితే అందులో సగం నాకు ఇప్పటికీ దొరుకుతుంది. మిగతా సగం ఎక్కడా దొరకలేదు.

తాటాకు రేక పట్టుకొని దోసిట్లోకి వంగి తాగేవాళ్ళు. తాగాక మాటలు మొదలయ్యేవి. ఎవరి ఎద్దు ఎక్కడ పడింది, వీర్నపల్లి అడవిలో ఎలుగుబంటి ఎవరిని తరిమింది, ఎవరింట్లో పెళ్లికి కూర చాలలేదు. మేం పిల్లలం వాళ్ళ వెనకనుంచి చేరి, ఆకుల్లో పోసిన గుడాలు ఒక్కొక్కటే లాగేసేవాళ్ళం. బాపమ్మ చూసీ చూడనట్టుండేది. మరీ ఎక్కువైతే, "ఓ కోతుల మందా, ఇగ చాలు" అనేది. అంతకంటే గట్టిగా ఆమె అరవగా నేను వినలేదు.

మంచి కల్లు, పొద్దటి మొదటి లొట్లు, మాకు కాదు. అవి గడీకి, దొర ఉండే కోటలాంటి ఇంటికి. అడిగేది లేదు, ఆగేది లేదు. తెల్లవారగానే గడీ జీతగాడు వచ్చి కావడికి కట్టుకొని పోయేవాడు. కల్లొక్కటే కాదు. కుండలు చేసేవాళ్ళ కుండలు, బట్టలుతికేవాళ్ళ రెక్కలు, కట్టెలు కొట్టేవాళ్ళ పొద్దు, అన్నీ మొదట గడీవి. దాన్ని వెట్టి అంటారని నేను చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాను. మాకప్పుడు అది ఎండా వానా లాంటిదే.

ఆ ఎండకాలం దొర ఇంటికి చుట్టాలొచ్చారు. బాపుకు జ్వరం. దుప్పటి కప్పుకొని వణుకుతున్నవాణ్ణి గడీ మనుషులు లేపి చెట్టెక్కించారు. సగం దాకా ఎక్కి జారాడు. నడుముకు కట్టిన మోకు పట్టుకుంది గనుక ప్రాణం దక్కింది గాని, చెట్టుకు ఒరుసుకొని ఛాతీ తోలంతా లేచిపోయింది. మా అవ్వ, అమ్మను మేం అలాగే పిలిచేవాళ్ళం, పసుపు, నూనె పెడుతుంటే బాపు పళ్ళు కరుచుకొని పడుకున్నాడు. బాపమ్మ తలాపున కూర్చొని విసురుతూనే ఉంది.

మరునాడు జీతగాడు కావడితో వచ్చాడు. బాపమ్మ మొదటి లొట్టి ఎత్తింది. అతనికి ఇవ్వబోతున్నదనే అనుకున్నాం. అతని కాళ్ళ ముందర నేల మీద ఒలకబోసింది. రెండోది కూడా. నురగ మట్టిలోకి బుసబుసమంటూ ఇంకిపోయింది.

"పోయి దొరకు చెప్పు. ఇయ్యాలటి కల్లు భూదేవి తాగింది. రేపటిది సుత ఆమెనే తాగుతది."

మండువలో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. భయంతోనే నిలబడ్డారు. కాని ఎవరూ వెళ్ళిపోలేదు.

తర్వాత జరిగింది మీటింగుల్లో అందరూ చెప్పేదే. ఊళ్ళో అప్పటికే పోరగాళ్ళ సంఘం ఒకటి ఉండేది. కాక అందులో ముందు నిలిచేవాడు. మీసాలు కూడా సరిగా రాలేదు గాని మాట మాత్రం గట్టిది. బాపమ్మ కల్లు ఒలకబోసిన వారంలోనే బట్టలుతకడం బంద్, గడ్డం గీయడం బంద్, నీళ్ళు మోయడం బంద్. గడీకి పోయే మనిషి లేడు. దొర మనుషులు వచ్చి బెదిరించారు, మా లొట్లు పగలగొట్టారు. ఊరు కదలలేదు. ఇక దొర పెళ్ళాంపిల్లలతో జగిత్యాలలో చుట్టాలింటికి వెళ్ళిపోయాడు.

దొర తల్లి మాత్రం వెళ్ళలేదు. ముసలి దొరసాని. కారు వాకిట్లో నిలబడి ఉంటే, "నేను గీ గడప దాటితే శవమయే దాటుత" అన్నదట. వంటమనిషిని తోడుంచి పోయారు. కొన్నాళ్ళకు ఆ మనిషి కూడా ఎటో పోయింది.

అంత పెద్ద గడీలో ఒక్క ముసలి మనిషి. అప్పటినుంచే మా పిల్లల్లో ఒక మాట పుట్టింది. మిట్టమధ్యాహ్నం గడీ వెనక గోడకు చెవి ఆనిస్తే లోపల పసిపిల్ల ఏడుపు వినబడుతుందని. పెద్దవాళ్ళు తిని పడుకున్నాక మేం గుంపుగా పోయేవాళ్ళం. గోడ కాలుతుండేది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం చెవి పెట్టేవాళ్ళం. నేను విన్నాను. సన్నగా, ఆగి ఆగి, ఆకలేసిన పిల్ల ఏడ్చినట్టు. విన్నానని ఇప్పుడు కూడా చెప్తాను. ఏమి విన్నానో చెప్పలేను.

ఇంటికొచ్చి బాపమ్మతో అన్నాను. "గడీల చిన్నపిల్ల దయ్యం ఉన్నది బాపమ్మా, ఏడుస్తుంది."

చేటతో చెరుగుతున్న చెయ్యి ఆగింది. "పావురాలు" అన్నది. చేట అక్కడే పెట్టి లోపలికి పోయింది. చాలాసేపు బయటికి రాలేదు.

ఇప్పపూలు ఏరుతూ మా అవ్వ గుసగుసగా అసలు సంగతి చెప్పింది.

"మీ బాపమ్మకు తొలుసూరు ఆడపిల్లనే. గా పిల్ల పుట్టిన దినాలల్లనే దొరసానికి ఈ దొర పుట్టిండు. ఆమెకు పాలు పడలే. గడీ మనిషి అచ్చి పచ్చి బాలింతను తోల్కపోయిండు. పొద్దంత ఆడ దొర కొడుకుకు పాలిచ్చుడు, ఈడ పిల్ల ఏడ్సుడు. మేకపాలు పట్టిచ్చిండ్రట. అరగలే. చేతులనే పోయింది. ఉంటే నీకు మేనత్త."

"మరి ఏడుపు గడీల ఎందుకు ఇనవడ్తది? పిల్ల మనింట్ల గదా ఏడ్సింది?"

అవ్వ పూలు ఏరడం ఆపకుండానే అన్నది. "మీ బాపమ్మకు గడీల కూసున్నప్పుడే గద బిడ్డా ఇనవడ్డది."

మిగతా పిల్లలకు అది దయ్యం. ఆ రోజునుంచి నాకు మేనత్త. భయం తగ్గలేదు. దానికి ఇంకేదో తోడైంది. మేనత్తలు పండక్కి వచ్చి, కొత్త పరికిణీ తెచ్చి, జడలు వేసే మనుషులు. నా మేనత్త గోడ అవతల ఆకలితో ఉంది. ఇంట్లో సర్వపిండి చేస్తే ఒక ముక్క పరికిణీ మడతలో దాచుకొని పోయి గోడ పగులులో పెట్టాను. చీమలు పట్టాయి.

అలా ముక్క పెడుతున్న రోజుల్లోనే ఒకనాడు పైనుంచి మాట వినబడింది.

"ఎవలే గక్కడ?"

మిగతా పిల్లలు ఒకటే పరుగు. నేను ముక్క చేతిలో పట్టుకొనే తలెత్తి చూశాను. పైన కిటికీలో తెల్లటి తల. దువ్వెన పడక జడలు కట్టిన తల.

"ఎవల పిల్లవు?"

చెప్పాను.

ఆమె కిటికీ ఊచలు పట్టుకొని కాసేపు నన్నే చూసింది. "మీ బాపమ్మను ఒక్కపారి అచ్చి పొమ్మను. పానం మంచిగ లేదను. కల్లు వద్దు, ఏం వద్దు. అచ్చి పొమ్మను."

పరుగెత్తుకుంటూ మండువకు పోయి, అందరూ వింటుండగానే చెప్పేశాను. తాగుతున్నవాళ్ళు రేకలు దించారు. కాక అక్కడే ఉన్నాడు.

"పోవద్దు పెద్దవ్వా," అన్నాడు. "గదంత దొర ఉపాయం. నువ్వు పోయినవంటె రేపు ఒక్కొక్కలు పోతరు."

బాపమ్మ చేతులు కడుక్కుంది. కొంగు నిండా కప్పుకుంది. "నేను దొంగతనంగ పోతలేను. ఎండల, నడి ఊళ్లెకెల్లి పోతున్న. చూసేటోళ్లు చూడుండ్రి" అని నా చెయ్యి పట్టుకుంది.

ఊరు ఊరంతా గడపల్లో నిలబడి చూసింది. బాపమ్మ అరికాళ్ళు మట్టిలో దబదబ పడుతున్నాయి. నావి కాలుతున్నాయి. కాక, ఇంకొందరు పోరగాళ్ళు కొంచెం దూరంగా మా వెనకే వచ్చారు. గడీ దర్వాజ దగ్గర ఆగిపోయారు.

లోపల చల్లగా ఉంది. పావురాల రెట్ట, ఎన్నాళ్ళుగానో ఉతకని బట్టలు, ఆరిపోయిన నూనె దీపం వాసన. ఒక పక్క గదిలో పట్టెమంచం మీద దొరసాని. నేను అనుకున్నంత పెద్దది కాదు. మా బాపమ్మకన్నా చిన్నగా, ఎండిపోయి ఉంది.

"అచ్చినవానే."

"అచ్చిన."

గడీలో అడుగు పెడితే పెద్దవాళ్ళందరూ వంగి "నీ బాంచెను" అనేవారు. బాపమ్మ అనలేదు. మంచానికి ఎదురుగా బండల మీద కాళ్ళు చాపుకొని కూర్చుంది. నన్ను ఒడిలోకి లాక్కుంది.

"నీ కొడుకు ఛాతి మానిందా?"

"మానింది."

పైన పావురాలు కదిలాయి. దొరసాని అటు చూసింది.

"నాకు పగటిపూట ఏడుపు ఇనవడ్తది."

"పావురాలు దొరసానీ."

"పావురాలు నాకు తెల్వయా? గీ ఇంటికి కోడలుగ అచ్చినకాన్నుంచి ఇంటున్న." దమ్ము తీసుకోవడానికి ఆగింది. "గప్పుడు నువ్వు నా కొడుకుకు పాలిచ్చుకుంట దర్వాజ దిక్కు సూసేటిదానివి. ఎందుకు సూస్తున్నవో నాకు ఎర్కనే. నేను సుత తల్లినే గద. ఇగ ఇంటికి పో అని ఒక్కనాడు అన్లే."

బాపమ్మ నా జుట్టులో వేళ్ళు పెట్టి ఊరికే కదిలిస్తోంది. వేళ్ళు ఆగాయి.

"ఏం పేరు వెట్టినవే గా పిల్లకు?"

బాపమ్మ ఒక పేరు చెప్పింది. మా ఇంట్లో నేనెన్నడూ వినని పేరు. పుట్టిన పిల్లలకెవరికీ పెట్టని పేరు. ఆ పేరు ఇక్కడ రాయను.

దొరసాని పెదవులు కదిలించి ఆ పేరు అన్నది.

"ఇంకోపారి అనకు," అన్నది బాపమ్మ. గట్టిగా అనలేదు. నన్ను పట్టుకున్న చెయ్యి మాత్రం నొప్పి పుట్టేలా బిగిసింది.

దొరసాని కళ్ళు మూసుకుంది. కాసేపటికి, "దూపైతుంది" అన్నది. మాతో అన్నట్టు లేదు. అలవాటుగా, ఆ ఖాళీ ఇంటితో అన్నట్టు అన్నది.

బాపమ్మ లేచింది. పెరట్లో బావి. గిలక కిర్రుమంది, ఎండిన చేంతాడు ఆమె చేతుల్లో గరగరలాడింది. ఇత్తడి చెంబు బూడిద పెట్టి తోమింది, నీళ్ళు నింపింది. మంచం దగ్గరికొచ్చి దొరసాని తల వెనక చెయ్యి పెట్టి లేపింది.

"ఇది వెట్టి గాదు దొరసానీ. నన్ను ఎవ్వలు తోల్కరాలే. నేనిస్తున్న, నువ్వు తాగుతున్నవ్."

దొరసాని చెంబు నోటిదాకా రానిచ్చి, మొహం పక్కకు తిప్పి అడిగింది. "నన్ను మాఫ్ జేసినవానే?"

"చెయ్యలే," అన్నది బాపమ్మ. "నీళ్లు తాగు."

ఆమె తాగింది. గడ్డం మీదనుంచి మెడలోకి కారిన నీళ్ళను బాపమ్మ తన కొంగుతో తుడిచింది. చెంబు మళ్ళీ నింపి, చెయ్యి అందేచోట పెట్టింది. మేం బయటికొచ్చాం. దర్వాజ ముందర కాక నిలబడి ఉన్నాడు. బాపమ్మ ఆగి అతనివైపు చూసింది. అతను మొహం తిప్పుకున్నాడు.

పొద్దుగూకేలోపే సంఘం వాళ్ళంతా మండువ ముందు చేరారు. కాక నిలబడే అడిగాడు.

"గిలక చప్పుడు ఇన్నం. నీళ్లిచ్చినవా పెద్దవ్వా?"

"ఇచ్చిన."

"నువ్వే బంద్ వెట్టి నువ్వే తెంపితివి గదా!"

"నేను బంద్ వెట్టింది వెట్టిని. సచ్చేదాని దూపను గాదు."

"రేపు దొర అచ్చి దూప అంటడు. గప్పుడు ఏమంటవు? ఇయ్యాల తల్లి, రేపు కొడుకు, ఎల్లుండి మల్ల కావడి."

అతనన్నది తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు. బాపమ్మకు కూడా అనిపించలేదేమో. ఆమె తల వంచుకొని నేల మీద గీతలు గీస్తూ, "గప్పుడు సూద్దాం" అని మాత్రమే అన్నది.

మరునాటి నుంచి మా మండువకు ఎవరూ రాలేదు. గడీకి పెట్టిన బందే మాకూ వచ్చింది. బాపు చెట్లు ఎక్కడం మానలేదు, గెల రోజూ గీయకపోతే చెట్టు ఒట్టిపోతుంది. తెచ్చిన కల్లు తెచ్చినట్టే పులిసి, పుల్లబడి, పురుగుపట్టేది. సాయంత్రానికి బాపమ్మ ఒక్కో లొట్టీ ఎత్తి వెనక చేలో పారబోసేది. ఒకప్పుడు అదే చేత్తో కల్లు ఒలకబోస్తే ఊరు లేచి నిలబడింది. ఇప్పుడు చూసేందుకు నేనొక్కదాన్నే. గుడాలు వండినా తినేవాళ్ళు లేరు. ఎన్నైనా తీసుకోమనేది. నాకు తినబుద్ధి కాలేదు.

దొరసాని ఎక్కువ రోజులు బతకలేదు. జగిత్యాల నుంచి కార్లొచ్చాయి. చుట్టాలే మోసుకుపోయారు. డప్పు లేదు, ఊరి మనిషి ఒక్కడు లేడు. పాడె మా వాకిలి ముందునుంచే పోయింది. బాపమ్మ బయటికి రాలేదు. అది దాటిపోయాక బావి దగ్గరికి పోయి, చీరతోనే నెత్తిమీద నీళ్ళు పోసుకుంది, అయినవాళ్ళు పోతే పోసుకున్నట్టు. బిందె మీద బిందె. మా అవ్వ పోయి చెయ్యి పట్టుకొని ఆపేదాకా ఆపలేదు. ఎవరికోసం పోసుకుందో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

దొర మళ్ళీ ఊళ్ళో కాపురం పెట్టలేదు. కావడి మళ్ళీ రాలేదు. వానలు పడ్డాక ఒకరొకరుగా మండువకు రావడం మొదలుపెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు, బాపమ్మ కూడా అడగలేదు. కాక మాత్రం రాలేదు. ఆ వానాకాలమే పోలీసులు సంఘం పోరగాళ్ళను పట్టుకుపోయారు. జైలు, కేసులు, ఆపైన ఊళ్ళు పట్టి తిరుగుడు. అతను మళ్ళీ ఊరికొచ్చేసరికి బాపమ్మ లేదు.

నిన్న ఇద్దరం కోరుట్ల పోయాం. రేకుల షెడ్డు, తడి గోనెసంచుల వాసన. బొమ్మలు చేసే అబ్బాయి సంచులు తీసి చూపించాడు. నిలువెత్తు మట్టి మనిషి. ఒక చేతిలో లేపిన గీత కత్తి.

"ఆడోళ్లు చెట్లు గియ్యరు నాయినా," అన్నాను.

"ఫైటింగ్ ఉండాలె గదా మేడం. మరి ఏం పెట్టమంటరు?"

గడీ లోపల జరిగినదంతా దారిలో నాతో చెప్పించుకున్న కాక, నేను చెప్పేలోపే అన్నాడు. "చెంబు. ఇత్తడిది. నీళ్ల చెంబు."

అబ్బాయి నవ్వబోయి ఆగాడు. "కల్లు అమ్మిన ఆమెకు నీళ్ల చెంబా? పబ్లిక్ ఏమనుకుంటరు సార్?"

"అడిగితె చెప్త. అడగాలెననే పెట్టమంటున్న."

తర్వాత మొహం. నుదురు వెడల్పు అని నేను, కాదు ఇరుకని కాక. బుగ్గలు, ముక్కు ఎలాగో కుదిరాయి. కళ్ళ దగ్గర మాత్రం కాక అతని పక్కకు పోయి నిలబడ్డాడు. అబ్బాయి బొటనవేలితో మట్టి అద్దుతున్నాడు, కాక తల అడ్డంగా ఊపుతున్నాడు.

"గిది గాదు. గీంట్ల కోపమున్నది. కోపం తియ్యి... గిట్ల గాదు, గిది ఏడ్సినట్టున్నది. ఆమె ఏడ్వలే. నేను మొఖం తిప్పుకున్న గని, గంతకుముందు చూసిన. నా దిక్కు సూసింది. మంచిగ సూసింది."

"అయితె ఎట్ల చూసింది సార్? చెప్పుండ్రి, చేస్త."

కాక నోరు తెరిచాడు. చేత్తో గాల్లో ఏదో గీయబోయి దించేశాడు. అబ్బాయి తడి చేతులతో ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఇద్దరూ నావైపు తిరిగారు.

నేనేం చెప్పను? దర్వాజ దగ్గర ఆ రోజు బాపమ్మ చెయ్యి పట్టుకొని నిలబడ్డది నేనే. కాని ఆమె నడుముదాకా కూడా రాని పిల్లను. కిందినుంచి నాకు గడ్డం ఒక్కటే కనబడింది.